మంచుదారిలో రబ్బరు చక్రం

భారీ వాహనం, బలమైన ఇంజను, నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు. ఈ మూడూ ఉంటే ఎంత మంచులోనైనా ప్రయాణం చేయవచ్చునని చాలామంది అనుకుంటారు. ఇది నిజమేనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి భౌతికశాస్త్రం ఎంత అవసరమో, చరిత్ర కూడా అంతే అవసరం. ఎందుకంటే ఫోర్ బై ఫోర్ అని మనం పిలుచుకునే ఈ వాహనం, దానికింద తిరిగే రబ్బరు టైరు, ఆ టైరుకు చుట్టే ఇనుప గొలుసు ఒక్కరోజున, ఒక్కచోట పుట్టినవి కావు. ఒక్కొక్కటి ఒక్కొక్క అవసరం నుంచి పుట్టింది. ఏది ఏ పని కోసం పుట్టిందో తెలిస్తే, అది చేయలేని పని ఏమిటో కూడా తెలుస్తుంది.

ఈ చర్చకు మన దేశంలో అన్నిటికన్నా తగిన స్థలం శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్లే రహదారి. సుమారు 430 కిలోమీటర్ల ఈ దారిలో, సముద్రమట్టానికి దాదాపు 3,500 మీటర్ల ఎత్తున జోజిలా కనుమ ఉంది. ఒకప్పుడు శీతాకాలం వస్తే ఈ కనుమ ఐదారు నెలలపాటు మూతబడేది. సరిహద్దు రహదారుల సంస్థ కృషి వల్ల ఆ వ్యవధి బాగా తగ్గింది. 2023లో 68 రోజులు, 2024లో 35 రోజులు, 2025లో 32 రోజులు మాత్రమే అది మూతబడింది. ఇది గర్వించదగిన విషయమే. కాని దీనికి రెండో వైపు కూడా ఉంది. దారి తెరిచి ఉండే రోజులు పెరిగినకొద్దీ మంచు మీద తిరిగే చక్రాల సంఖ్య కూడా పెరుగుతుంది. పూర్వం ప్రకృతే దారి మూసి ఆపేసిన ప్రయాణాన్ని ఇప్పుడు మనం మన తెలివితో, మన టైర్లతో నెట్టుకు రావాలి.

రబ్బరుకు మొదటి శత్రువు చలి

రబ్బరు చరిత్ర మొదలైందే చలితో పేచీ పెట్టుకుని. 1830ల్లో అమెరికాలో రబ్బరు వస్తువులంటే జనానికి ఎంతో మోజుగా ఉండేది. రబ్బరు బూట్లు, నీటికి తడవని కోట్లు విపరీతంగా అమ్ముడయ్యాయి. ఆ మోజు ఎన్నాళ్లో నిలవలేదు. వేసవి వచ్చేసరికి ఆ వస్తువులు కరిగి జిగురుముద్దలై కంపు కొట్టాయి. శీతాకాలం వచ్చేసరికి రాయిలా బిగుసుకుపోయి, వంచితే పగిలిపోయాయి. రబ్బరు కంపెనీలు ఒకదాని తరువాత ఒకటి దివాలా తీశాయి.

ఈ సమస్యకు పరిష్కారం వెదికినవాడు చార్లెస్ గుడ్‌ఇయర్. అప్పులపాలై జైలుకు కూడా వెళ్లిన ఆయన 1839లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వోబర్న్‌లో గంధకం కలిపిన రబ్బరును వేడి చేస్తే అది కరగకుండా, సాగే గుణాన్ని నిలబెట్టుకుంటుందని గమనించాడు. 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులో థామస్ హాంకాక్ కూడా ఈ పద్ధతిని సాధించాడు. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరిట దీనిని వల్కనీకరణం అంటున్నాం.

వల్కనీకరణంలో జరిగేది ఏమిటి? రబ్బరు అణువులు పొడవాటి దారాల్లాంటివి. ముడి రబ్బరులో ఈ దారాలు విడివిడిగా ఉండి, వేడి తగలగానే ఒకదానిమీద ఒకటి జారిపోతాయి. గంధకం ఆ దారాల మధ్య అక్కడక్కడ వంతెనలు కడుతుంది. అప్పుడు రబ్బరును లాగితే సాగుతుంది, వదిలితే తిరిగి వస్తుంది. అయితే ఇక్కడ ఒక సంగతి గమనించండి. గంధకం రబ్బరుకు ఎండ బాధను దాదాపుగా తీర్చింది. చలి బాధను తగ్గించింది కాని, పూర్తిగా తీర్చలేదు. ఉష్ణోగ్రత పడిపోతున్నకొద్దీ అణువుల కదలిక మందగిస్తుంది. రబ్బరు మెల్లమెల్లగా బిరుసెక్కి, చివరకు గాజులా పెళుసవుతుంది. ఈ మార్పు జరిగే ఉష్ణోగ్రత ఒక్కొక్క రబ్బరుకు ఒక్కొక్క విధంగా ఉంటుంది. సహజ రబ్బరుకు అది సున్నాకు దిగువన 70 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. టైరు తయారీలో వాడే కృత్రిమ రబ్బర్లలో చాలావాటికి అంతకన్నా పైనే ఉంటుంది. పూర్తిగా గాజుగా మారడానికి ఎంతో ముందే రబ్బరు తన మెత్తదనాన్ని, దానితోపాటు పట్టును పోగొట్టుకుంటుందన్నది మనకు ముఖ్యం.

చలికి బిగుసుకున్న రబ్బరు ఎంత పని చేయగలదో ప్రపంచమంతా ఒకసారి కళ్లారా చూసింది. 1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ పేలిపోయి ఏడుగురు వ్యోమగాములు మరణించారు. ఆ తరువాత జరిగిన విచారణలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక రబ్బరు వలయం ముక్కను బిగించి, గ్లాసులోని మంచునీటిలో ముంచి తీశాడు. బిగింపు విప్పినా ఆ ముక్క వెంటనే తన ఆకారానికి తిరిగి రాలేదు. ప్రమాదానికి మూలం అక్కడ ఉంది. టైరు విషయంలోనూ సూత్రం ఇదే. రోడ్డు మీది గరుకుదనంలోకి ఒదిగి, మళ్లీ వెంటనే లేవగలిగిన రబ్బరే నేలను పట్టుకుంటుంది.

గాలి చేరిన చక్రం

చక్రంలో గాలి నింపవచ్చన్న ఆలోచనకు మొదట పేటెంటు పొందినవాడు రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు ఇంజనీరు. అది 1845. మోటారు బండ్లు, సైకిళ్లు ఇంకా లేని రోజులు కావడంతో లోకం ఆ సంగతి మరిచిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును మళ్లీ కనిపెట్టాడు. 1895లో పారిస్ – బోర్డో పందెంలో మిషెలిన్ సోదరులు గాలి టైర్లతో మోటారు కారు నడిపారు. పంక్చర్లతో సతమతమైనా, మోటారు బండికి గాలి టైరు పనికొస్తుందని నిరూపించారు.

మనం అదనపు చక్రాన్ని ‘స్టెప్నీ’ అంటాం కదా, ఆ మాట కూడా ఈ కాలం నాటిదే. 1904 ప్రాంతంలో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో, స్టెప్నీ వీధిలో తయారైన అదనపు చక్రం ఆ పేరుతోనే భారతదేశానికి వచ్చింది. ఆ కంపెనీ సంగతి లోకం మరిచినా మన మెకానిక్కుల నోట ఆ వీధి పేరు నిలిచిపోయింది.

గాలి నింపిన టైరుకు చలితో కొత్త చిక్కు వచ్చింది. మూసిన పాత్రలోని వాయువు పీడనం దాని పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నాం. ఆ సూత్రాన్ని ఇక్కడ వాడి చూద్దాం. జమ్మూలో 27 డిగ్రీల వేడిలో టైరుకు 35 పి.ఎస్.ఐ. గాలి కొట్టించామనుకోండి. గేజి చూపేది బయటి వాతావరణ పీడనం కన్నా ఎంత ఎక్కువ ఉందన్నది మాత్రమే. జమ్మూలో వాతావరణ పీడనం సుమారు 14. కనుక టైరులోని అసలు పీడనం 49. పరమమానంలో ఉష్ణోగ్రత 300. ఆ బండి ద్రాస్ చేరి, రాత్రి సున్నాకు దిగువన 13 డిగ్రీల చలిలో నిలిచింది. పరమమానంలో అది 260. టైరులోని అసలు పీడనం ఇప్పుడు 42.5 అవుతుంది. జమ్మూ ఎత్తులోనే ఇంత చలి ఉంటే గేజి 28.5 మాత్రమే చూపేది. కాని ద్రాస్ మూడు వేల మీటర్లకు పైన ఉంది. అక్కడి వాతావరణ పీడనం సుమారు 10 మాత్రమే. అందువల్ల గేజి 32.5 చూపుతుంది.

అంటే చలి తీసుకుపోయిన దానిలో కొంత ఎత్తు తిరిగి ఇచ్చిందన్నమాట. అందుకే కొండదారిలో అందాజుగా గాలి కొట్టడం, తీయడం రెండూ పొరపాటే. బండి కొన్ని గంటలు నిలిచి, టైరు చల్లబడిన తరువాత, చలి ఉన్నచోటే గేజితో కొలవాలి. అదే ద్రాస్‌లో 35 చేసుకుని జమ్మూకు దిగివస్తే గేజి దాదాపు 38 చూపుతుంది. దిగివచ్చాక మళ్లీ కొలుచుకోవాలి. నైట్రోజన్ నింపితే ఈ బాధ ఉండదని కొందరు చెబుతారు. మామూలు గాలిలో ఐదింట నాలుగు వంతులు నైట్రోజనే. వాయు సూత్రం రెంటికీ ఒక్కటే. నైట్రోజన్‌లో తేమ తక్కువగా ఉండడం ఒక్కటే చెప్పుకోదగిన లాభం.

మంచు ఎందుకు జారుతుంది?

1850లో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మంచు గురించి ప్రసంగించాడు. రెండు మంచుముక్కలను ఆనిస్తే అవి అతుక్కుంటాయి. దీనిని బట్టి మంచుగడ్డ ఉపరితలం మీద అతి పలచని నీటిలాంటి పొర ఎప్పుడూ ఉంటుందని ఆయన ఊహించాడు. ఆ తరువాత మరొక వాదం వచ్చింది. ఒత్తిడి పెడితే మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది, అందుకే జారుతుంది అన్నారు. ఇది పాఠ్యపుస్తకాల్లో చాలాకాలం నిలిచింది. కాని లెక్క వేస్తే నిలవదు. 35 పి.ఎస్.ఐ. ఉన్న టైరు నేలమీద పెట్టే ఒత్తిడి వల్ల మంచు కరిగే ఉష్ణోగ్రత తగ్గేది డిగ్రీలో సుమారు యాభయ్యో వంతు మాత్రమే. 1939లో బౌడెన్, హ్యూస్ అనే శాస్త్రవేత్తలు స్విట్జర్లండులోని యుంగ్‌ఫ్రావ్‌యోక్ మంచుగుహలో ప్రయోగాలు చేసి, రాపిడి వల్ల పుట్టే వేడే ఎక్కువ పని చేస్తుందని చూపారు. ఫారడే ఊహించిన పొర ఉందన్న సంగతిని తరువాతి పరిశోధనలు బలపరిచాయి.

ఇందులో డ్రైవరుకు పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. గడ్డకట్టిన మంచు సున్నా డిగ్రీల దగ్గర ఎక్కువగా జారుతుంది. చలి ముదిరితే పట్టు కొంచెం పెరుగుతుంది. కాబట్టి అర్ధరాత్రి కొరికే చలి కన్నా, ఉదయం ఎండ తగిలి పైపొర చెమ్మగిల్లే వేళ రోడ్డు ఎక్కువ ప్రమాదకరం కావచ్చు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పొడి తారురోడ్డు మీద టైరుకు ఘర్షణ గుణకం సుమారు 0.7. అణిగిన మంచు మీద సుమారు 0.2. గడ్డకట్టిన నున్నటి మంచు మీద 0.1 లేదా అంతకన్నా తక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి బ్రేకు వేసిన తరువాత పొడి రోడ్డు మీద సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద సుమారు 31 మీటర్లు పోతుంది. గడ్డకట్టిన మంచు మీద సుమారు 63 మీటర్లు పోతుంది. ఇందులో డ్రైవరు తేరుకుని బ్రేకు మీద కాలు పెట్టేలోగా బండి పోయే దూరం కలపలేదు.

ఈ లెక్కలో బండి బరువు ఎక్కడా రాలేదని గమనించారా? బరువు పెరిగితే ఘర్షణ బలం పెరుగుతుంది, నిజమే. కాని ఆపవలసిన శక్తి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. రెండూ ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. పెద్ద బండి కాబట్టి మంచులో నిలదొక్కుకుంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. పైగా అది దేనినైనా గుద్దితే జరిగే నష్టం బరువును బట్టి పెరుగుతుంది.

ఇంకొక లెక్క చూడండి. మనుషులతో, సామానుతో 2,800 కిలోలు తూగే బండి టైర్లలో 35 పి.ఎస్.ఐ. గాలి ఉంటే, ఒక్కొక్క టైరు నేలను తాకే జాగా సుమారు 285 చదరపు సెంటీమీటర్లు. రెండు అరచేతులంత. నాలుగూ కలిపితే పెద్ద సైజు నోటుబుక్కు తెరిచి పెట్టినంత కూడా ఉండదు. ఇంటిల్లిపాది ప్రాణాలు ఆ రెండు పేజీల మీద ఆధారపడి ఉన్నాయి.

నాలుగు చక్రాలకూ శక్తి

నాలుగు చక్రాలను ఇంజనుతో తిప్పే పెట్రోలు కారును 1903లో నెదర్లండ్స్‌కు చెందిన స్పైకర్ సంస్థ తయారు చేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బురదదారుల కోసం ఇలాంటి ట్రక్కులు వేల సంఖ్యలో వచ్చాయి. రెండో యుద్ధంలో, 1940–41ల్లో జీపు పుట్టింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మన దేశంలో జీపుల కూర్పు మొదలైంది. 1950ల చివర జర్మనీకి చెందిన ఎం.ఏ.ఎన్. లైసెన్సుతో శక్తిమాన్ ట్రక్కు, ఆ తరువాత నిస్సాన్ పట్రోల్ నమూనాపై జబల్‌పూర్‌లో జోంగా తయారయ్యాయి. 1960లలో లద్దాఖ్ దారులు తెరుచుకున్నాక సైనికులకు రేషను, కిరోసిను చేరవేసినవి ఇలాంటి బండ్లే.

వీటన్నిటి వెనుక ఉన్న అవసరం ఒక్కటే, దిగబడకుండా కదలడం. రెండు చక్రాలకే శక్తి అందితే ఆ రెండూ జారినప్పుడు బండి నిలిచిపోతుంది. నాలుగింటికీ పంచితే పట్టు ఉన్న చక్రం బండిని లాగుతుంది. ఎత్తు ఎక్కడానికి, గుంటలోంచి బయటపడడానికి ఇది గొప్ప సాధనం. కాని బ్రేకు వేసినప్పుడు? ఈ కాలపు కార్లన్నిటికీ నాలుగు చక్రాలకూ బ్రేకులు ఉన్నాయి. చిన్న కారుకూ నాలుగే, పెద్ద ఫోర్ బై ఫోర్‌కూ నాలుగే. ఆపే విషయంలో దీనికి అదనంగా వచ్చింది ఏమీ లేదు. మలుపులోనూ అంతే, టైరుకు ఉన్న పట్టుకు మించి ఏ ఇంజనూ బండిని దారిలో నిలపలేదు. అందుకే ఫోర్ బై ఫోర్ మంచులో ఒక మాయ చేస్తుంది. సులువుగా కదులుతుంది కాబట్టి రోడ్డు బాగుందనిపిస్తుంది. ఆ భ్రమ బ్రేకు వేసినప్పుడు గాని తొలగదు.

చక్రాన్ని పూర్తిగా వదిలేసిన సందర్భం కూడా జోజిలా చరిత్రలో ఉంది. 1948 నవంబరు 1న, మంచు కురుస్తున్న సమయంలో, జనరల్ తిమ్మయ్య నాయకత్వాన మన సైన్యం ఆ కనుమ మీదికి స్టువర్ట్ తేలిక టాంకులను నడిపింది. కంచరగాడిదలు నడిచే బాటను టాంకులకు తగినట్టు వెడల్పు చేసినవారు మద్రాస్ సాపర్లు. తెలుగువారితో సహా దక్షిణాది యువకులు చేరే దళం అది. సుమారు పదిహేను టన్నుల టాంకు నేలమీద పెట్టే ఒత్తిడి, దాని ఇనుప పట్టాల వెడల్పు వల్ల, బరువెత్తిన ట్రక్కు టైరు పెట్టే ఒత్తిడి కన్నా తక్కువ. మంచు మీద ఇంజను బలం కన్నా నేలను తాకే భాగమే ముఖ్యమన్న సంగతికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

గొలుసు కథ

చక్రాన్ని ఉంచుకుంటూనే పట్టు పెంచే ఉపాయం గొలుసు. న్యూయార్క్ రాష్ట్రంలోని కనాస్టోటాకు చెందిన హారీ వీడ్ 1904లో టైరు గొలుసులకు పేటెంటు పొందాడు. బురదలో, మంచులో చక్రాలకు తాళ్లు చుట్టుకుని పోయే డ్రైవర్లను చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. రబ్బరు మంచు మీద జారుతుంది, గొలుసు మంచులోకి దిగి కరుస్తుంది. నూట ఇరవై ఏళ్లు దాటినా సూత్రం మారలేదు.

గొలుసు టైరు సైజుకు సరిగ్గా సరిపోవాలి. పెద్ద బండ్లకు ఈమధ్య అందం కోసం పెద్ద రిమ్ములు, పలచని అంచు టైర్లు వేస్తున్నారు. వాటికి, చక్రం పైనున్న మడ్‌గార్డుకు మధ్య గొలుసు పట్టేంత సందు ఉండకపోవచ్చు. తిరిగే గొలుసు బ్రేకు గొట్టాన్ని తెంపగలదు. అందుకే బండితో వచ్చిన పుస్తకంలో ఏ సైజు టైరుకు, ఏ చక్రాలకు గొలుసు వేయవచ్చో చూసుకోవాలి. ఫోర్ బై ఫోర్‌కు వీలైతే నాలుగింటికీ వేయడం మేలు. ముందు చక్రాలకే వేస్తే దిగుడులో వెనుక భాగం పక్కకు జారవచ్చు. వెనుక చక్రాలకే వేస్తే బండి స్టీరింగు మాట వినకపోవచ్చు. వేసిన తరువాత కొద్ది దూరం నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. గంటకు 50 కిలోమీటర్లు దాటకూడదు. మంచు లేని తారురోడ్డు రాగానే విప్పాలి, లేకపోతే గొలుసూ టైరూ రోడ్డూ మూడూ పాడవుతాయి.

చలికాలానికి ప్రత్యేకమైన టైరు

టైరునే చలికి తగ్గట్టు చేయాలన్న ఆలోచన ఫిన్లండులో ఫలించింది. ఇప్పుడు నోకియన్ పేరుతో ఉన్న సంస్థకు పూర్వీకురాలైన అక్కడి రబ్బరు ఫ్యాక్టరీ 1934లో ట్రక్కుల కోసం మొదటి చలికాలపు టైరును, 1936లో కార్ల కోసం హక్కపెలిట్టా అనే టైరును తయారు చేసింది. మంచును పట్టి విసిరేసే లోతైన గాళ్లు వీటి ప్రత్యేకత. ఆ తరువాత టైరు ముఖం మీద కత్తిగాట్ల వంటి సన్నని చీలికలు వచ్చాయి. వీటిని సైపులంటారు. 1923లో బూటు అడుగుకు ఇలాంటి గాట్లు పెట్టి పేటెంటు పొందిన జాన్ సైప్ పేరే వీటికి నిలిచింది. ప్రతి గాటు అంచు మంచును గీరుతుంది, రోడ్డుకూ టైరుకూ మధ్యనున్న నీటిపొరను పీల్చుకుంటుంది.

1960ల నుంచి కార్ల టైర్లకు ఇనుప మేకులు కూడా వచ్చాయి. మంచు మీద బాగా పనిచేశాయి కాని, మంచు లేనిచోట రోడ్డును గీకి ధూళి రేపాయి. జపానులో ఆ ధూళి సెండాయ్ వంటి నగరాల ప్రజలకు ఊపిరాడనివ్వలేదు. ప్రజల ఆందోళన ఫలితంగా 1990లో మేకుల టైర్లను నిషేధిస్తూ అక్కడ చట్టం వచ్చింది. ఆ ఒత్తిడితోనే మేకులు లేకుండా మంచును పట్టే మెత్తని రబ్బరు టైర్లు అభివృద్ధి చెందాయి. 1990ల్లో రబ్బరులో సిలికా కలిపే పద్ధతి వ్యాపించాక, చలిలోనూ మెత్తదనం నిలిచే టైర్లు మరింత మెరుగుపడ్డాయి.

మామూలు టైరుకూ చలికాలపు టైరుకూ హద్దు 7 డిగ్రీలని తయారీదారులు చెబుతారు. అది గీత గీసినట్టుండే హద్దు కాదు. ఆ ప్రాంతం నుంచి మామూలు రబ్బరు బిరుసెక్కడం డ్రైవరుకు తెలిసివస్తుందని అర్థం. టైరు పక్కగోడ మీద ‘ఎం ప్లస్ ఎస్’ అని ఉంటే బురదకు, మంచుకు పనికొస్తుందని తయారీదారు చెప్పుకున్న మాట మాత్రమే. మూడు శిఖరాల కొండలో మంచుపువ్వు గుర్తు ఉంటే, మంచు మీద పరీక్షలో నెగ్గినట్టు. ఈ గుర్తు 1999లో వచ్చింది. జర్మనీలో చలికాలపు రోడ్లపై 2024 అక్టోబరు నుంచి ‘ఎం ప్లస్ ఎస్’ ఒక్కటే ఉంటే చాలదు.

బయలుదేరే ముందు

ఈ చరిత్ర అంతా ఆచరణలో కొన్ని పనులుగా తేలుతుంది. మొదటిది, టైరు గాడి లోతు కొలవాలి. మన చట్టం కార్లకు 1.6 మిల్లీమీటర్లు చాలునంటుంది. మంచుకు అది చాలదు. ఆస్ట్రియాలో చలికాలపు టైరుకు కనీసం 4 మిల్లీమీటర్లు ఉండాలన్నది చట్టం. రెండోది, టైర్లు మారిస్తే నాలుగూ ఒకే రకం ఉండాలి. ముందు రెండు, వెనుక రెండు వేరైతే ఒకవైపు పట్టు, మరొకవైపు జారుడు వచ్చి బండి తిరగబడుతుంది. ఫోర్ బై ఫోర్‌లో టైర్ల చుట్టుకొలత తేడాగా ఉంటే గేరు వ్యవస్థకూ హాని.

మూడోది, టైరు తయారైన తేదీ చూడాలి. పక్కగోడ మీది నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. గాళ్లు లోతుగా ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు బిరుసెక్కుతుంది. నాలుగోది, చక్రం విప్పి బిగించినప్పుడు నట్లను ఎదురెదురుగా, చెప్పిన బలంతో బిగించి, 100 కిలోమీటర్ల లోపు మరొకసారి సరిచూడాలి. చక్రం కూర్చునే చోట తుప్పు, మట్టి ఉంటే ముందే గీకాలి. లేకపోతే ఆ పొర నలిగి నట్లు వదులవుతాయి. ఐదోది, వాల్వులకు మూతలు ఉండాలి. లోపలికి పోయిన చెమ్మ గడ్డకడితే వాల్వు మూసుకోక గాలి దిగిపోతుంది. ఆరోది, స్టెప్నీలో గాలి చూడాలి, జాకీ కింద పెట్టడానికి చెక్కపలక ఉంచుకోవాలి. మంచు మీద జాకీ నిలవదు. ఏడోది, గొలుసు తొడగడం ఇంటి ముందు ఎండలో ఒకసారి అలవాటు చేసుకోవాలి. చేతులు కొంకర్లుపోయే చలిలో, చీకట్లో మొదటిసారి నేర్చుకోవడం కుదరని పని.

మెత్తని లోతైన మంచులో దిగబడితే గాలి కొంత తీసి టైరును వెడల్పు చేసి బయటపడవచ్చు. అది ఇసుకలో చేసే ఉపాయమే. కాని అణిగిన మంచురోడ్డు మీద తక్కువ గాలితో నడపరాదు. మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంది. ఇక అడపాదడపా ఆగి, చక్రాల లోపలివైపు, మడ్‌గార్డుల కింద పేరుకున్న మంచును దులపాలి. అది గడ్డకడితే చక్రం అదరడమే కాక స్టీరింగు పూర్తిగా తిరగదు.

ఎందుకింత జాగ్రత్త?

2022 జనవరి 7, 8 తేదీల మధ్య రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీ కొండపట్టణంలో మంచు చూడవచ్చిన వేల కార్లు దారిలో చిక్కుకుపోయాయి. ఇరవైమందికి పైగా తమ కార్లలోనే మరణించారు. వారిలో పిల్లలూ ఉన్నారు. పొగగొట్టం మంచుతో మూసుకుపోయి, నడుస్తున్న ఇంజను నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ కొందరిని బలిగొన్నదని అధికారులు చెప్పారు. 2024 డిసెంబరులో మన హిమాచల్‌లో సోలంగ్ – అటల్ సొరంగం మధ్య వేలమంది పర్యాటకులు మంచులో చిక్కుకుంటే పోలీసులు వారిని బయటకు చేర్చారు. ఇలాంటి దారిలో జారి అడ్డం తిరిగే బండి ఒక్కటి చాలు, వెనుక వందల బండ్లు ఆగిపోవడానికి. మన టైరు మన కుటుంబాన్నే కాదు, వెనుక వచ్చే కుటుంబాన్ని కూడా కాపాడుతుంది. దారి మూసుకుపోయి ఆగితే ఇంజను నడిపే ముందు పొగగొట్టం చుట్టూ మంచు తీయండి, కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి.

సొరంగాలు వస్తున్నాయి. రోహ్‌తాంగ్ కింద అటల్ సొరంగం 2020 అక్టోబరు 3న, సోనామార్గ్ సొరంగం 2025 జనవరి 13న ప్రారంభమయ్యాయి. జోజిలా కింద సొరంగం పనిని 2020లో హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్ సంస్థ చేపట్టింది. ఇవి కనుమ మీది మంచును తప్పిస్తాయి. కాని సొరంగం రెండు కొసల దగ్గర చలికాలం అలాగే ఉంటుంది. వెచ్చగా, పొడిగా ఉన్న సొరంగంలో వేగం పెంచిన బండి బయటికి రాగానే కనిపించని పలచని మంచుపొర మీద చక్రం మోపుతుంది.

ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు బండిని కదిలించడానికి పుట్టింది. ఆపడానికి పుట్టినది కాదు. ఆపేది రబ్బరు, ఆ రబ్బరు గాళ్లు, అందులోని గాలి, దానికి చుట్టిన గొలుసు, డ్రైవరు తగ్గించిన వేగం. కొండల్లో ప్రయాణానికి బయలుదేరేవారు ఇంజను ఎంత బలమైనదని అడిగే ముందు, వంగి టైరు మీద చెయ్యి వేసి చూడాలి.